ఆక్సిజన్-18 పెరిగితే అది చలి వల్లా, మంచు వల్లా?

బంగాళాఖాతం అడుగు మట్టి నుంచి తీసిన కోర్‌లో, మంచుయుగం నాటి రూబర్ (సముద్రపు పైనీటిలో తేలే సూక్ష్మజీవి) గవ్వల్లో ఆక్సిజన్-18, అంటే బరువైన ఆక్సిజన్ విలువ ఇప్పటికంటే 1.8 పర్ మిల్ (వెయ్యికి 1.8 వంతులు) ఎక్కువొచ్చిందని, అంటే సముద్రం 8 డిగ్రీలు చల్లబడిందని రాయొచ్చా అని అడిగారు కదా. దయచేసి రాయకండి, రివ్యూలో మొదట పట్టుకునేది అదే.

నీళ్లు చల్లబడితే గవ్వల్లో ఆక్సిజన్-18 పెరుగుతుంది, నిజమే. కానీ మంచు వల్లా పెరుగుతుంది. నీళ్లు ఆవిరయ్యేటప్పుడు తేలిక ఆక్సిజన్ ముందు పోతుంది. అది ఉత్తర అమెరికా, యూరప్ మంచు పలకల్లో చిక్కుకుపోతే సముద్రంలో బరువైనది మిగులుతుంది. సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రమట్టం 120 మీటర్లకు పైగా కిందికి దిగినప్పుడు, ఒక్క మంచు వల్లే నీటి విలువ దాదాపు 1.0 పెరిగింది. భూవిజ్ఞాని నికొలస్ షాకిల్టన్ 1967లోనే ఈ సిగ్నల్‌లో పెద్ద వాటా మంచుదేనని చెప్పాడు.

ముందు ఆ 1.0 తీసేయండి. తర్వాత అవే గవ్వల్లో మెగ్నీషియం–కాల్షియం నిష్పత్తి కొలవండి. అది నీటి వేడిని బట్టి డిగ్రీకి సుమారు 9 శాతం మారుతుంది. ఉదాహరణకి 2 డిగ్రీల చల్లదనం వచ్చిందనుకుందాం: ఆక్సిజన్-18లో డిగ్రీకి 0.22 చొప్పున 0.44 దానిది. ఇంకా 0.36 మిగిలింది. అది ఉప్పదనం వల్ల. నదుల మంచినీళ్లలో ఆక్సిజన్-18 తక్కువ, అవి తగ్గితే సముద్రంలో ఉప్పుతో పాటు అదీ పెరుగుతుంది. రుతుపవనాలు బలహీనపడి గంగ, గోదావరి లాంటి నదుల మంచినీళ్లు తగ్గి ఉంటాయి. నాకైతే మీ కోర్‌లో అసలు కథ అదే అనిపిస్తోంది.

ఒక జాగ్రత్త. గవ్వల గదుల్లో బంకమట్టి ఉండిపోతే మెగ్నీషియం పెరిగి నీళ్లు వెచ్చగా ఉన్నట్టు కనిపిస్తాయి. నేను ఓసారి సరిగ్గా కడగక, మంచుయుగాన్ని ఎండాకాలం చేసేశాను! అల్యూమినియం కూడా కొలవండి. అది, మెగ్నీషియం కలిసి పెరుగుతుంటే ఆ శాంపిల్ పక్కన పెట్టేయండి.