హైదరాబాద్‌లో కెటమిన్ థెరపీ: నేను పనిచేసే తీరు

మీరు క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. చేస్తున్నానని, సైకెడెలిక్ థెరపీలోకి (స్పృహను కాసేపు మార్చే మందులు వాడుతూ చేసే మానసిక చికిత్సలోకి) రావాలని ఉందని, హైదరాబాద్‌లో ఈ పని ఎలా ఉంటుందో, నా పద్ధతి ఏమిటో చెప్పమని అడిగారు. ఆరేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి నా అనుభవం చెప్తాను.

ముందు చట్టం సంగతి. సైలోసైబిన్ (కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే పదార్థం), ఎల్‌ఎస్‌డీ, ఎండీఎంఏ దగ్గర ఉంచుకోవడం, వాడటం మాదకద్రవ్యాలపై 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం నేరం. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి అనుమతి పొందిన సైకియాట్రిస్టులు సైలోసైబిన్‌ని, ఎండీఎంఏని కొన్ని జబ్బులకు రాస్తున్నారు. అమెరికాలో ఎండీఎంఏ థెరపీకి 2024 ఆగస్టులో అక్కడ మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు. ఇక్కడ మేము వాడేది కెటమిన్. ఆపరేషన్లలో మత్తుకిచ్చే మందే. ఏ మందులకూ లొంగని డిప్రెషన్‌కి కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాముల చొప్పున 40 నిమిషాల పాటు సెలైన్‌లో ఎక్కిస్తారు. మందు రాసేది సైకియాట్రిస్ట్, బీపీ, ఆక్సిజన్ కనిపెట్టుకుని ఉండేది మత్తు డాక్టర్. నేను మంచం పక్కన కుర్చీలో ఉంటాను.

మొదట్లో ఆ కుర్చీలో కూర్చుని తెగ మాట్లాడేదాన్ని. "ఊపిరి నెమ్మదిగా తీసుకోండి, ఇప్పుడు ఏం కనిపిస్తోంది?" అంటూ. కూకట్‌పల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు (గుర్తు పట్టకుండా వివరాలు మార్చాను). మందు దిగాక ఆయన కళ్ల మీది గంతలు తీసి, "అమ్మా, చెరువు గట్టు మీద మా నాన్నతో నడుస్తున్నా. ఆయన ఏదో చెప్పబోయాడు. అంతలో మీ గొంతు వినబడింది. మళ్లీ చూస్తే ఆయన లేడు" అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆ మాటకి చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి మందు ఎక్కుతున్నంతసేపూ, వాళ్లు పిలిస్తే తప్ప, నోరు విప్పను.

మాటలన్నీ ముందే. కనీసం మూడుసార్లు కూర్చుంటాం. భయం వేస్తే చెయ్యి పట్టుకోవాలా వద్దా అన్నది కూడా అప్పుడే తేల్చుకుంటాం, మందు ప్రభావంలో ఉన్న మనిషి ఇచ్చే ఒప్పుదల ఒప్పుదల కాదు కాబట్టి. తను చెయ్యి చాపితే నా అరచెయ్యి అందిస్తాను, అంతవరకే.

గచ్చిబౌలిలో పనిచేసే ఒకమ్మాయి ఆ మూడుసార్లూ నాతో ఇంగ్లీషులోనే మాట్లాడింది. మందు దిగుతుండగా "నానమ్మా, దూప అయితాంది" అంది. మాది గుంటూరు, దూప అనే మాట నాకు ఈ ఊరొచ్చాకే తెలిసింది. స్టీలు గ్లాసుతో నీళ్లిస్తే రెండు చేతులతో పట్టుకుని తాగింది. మర్నాటి నుంచి మా మాటలన్నీ వరంగల్ యాసలోనే, నాది ఎంత వచ్చీరానిదైనా. ఇంగ్లీషులో ఒక్కసారి కూడా రాని నానమ్మ చావు అప్పుడు బయటికొచ్చింది.

మందుతో వచ్చిన తేలిక చాలామందిలో వారం, రెండు వారాల్లో తగ్గుతుంది. అందుకే మర్నాడొకసారి, మూడోరోజు ఇంకోసారి రమ్మంటాను. మాట్లాడటం మానేసిన అన్నకు ఫోన్ చేయడం, రాత్రి పడుకునే వేళ మార్చుకోవడం లాంటివి ఆ రోజుల్లోనే మొదలుపెట్టిస్తాను.

"ఇది అలవాటు కాదా?" అని తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అవుతుంది, విచ్చలవిడిగా వాడితే మూత్రాశయం కూడా పాడవుతుంది, అందుకే ఇంటికి ఇవ్వం అని ఉన్నదున్నట్టు చెప్తాను. సైకోసిస్ (లేనివి కనిపించడం, వినిపించడం లాంటి తీవ్ర మానసిక జబ్బు) ఉన్నవాళ్లకు, బీపీ అదుపులో లేనివాళ్లకు, గర్భిణులకు మా టీమ్ ఈ చికిత్స చేయదు. "పుట్టగొడుగులు దొరుకుతాయా మేడమ్?" అని ఫోన్ చేసేవాళ్లకు లేవని చెప్పి పెట్టేయను, నిద్ర ఎలా పడుతోందని అడుగుతాను. చాలాసార్లు అవతల ఏడుపు వినిపిస్తుంది.

మీరు ఎం.ఫిల్. అయ్యాక ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ తీసుకుని, ముందు రెండేళ్లు మామూలు డిప్రెషన్ పేషెంట్లతో పనిచేయండి. ఈలోపు ఇంట్లో నిద్రపోతున్న మీవాళ్లెవరి పక్కనైనా 40 నిమిషాలు ఫోన్ ముట్టకుండా, మాట్లాడకుండా కూర్చుని చూడండి. నేను మౌనంగా ఉండాలనుకున్న మొదటి రోజు, పన్నెండో నిమిషానికే మాట గొంతు దాకా వచ్చేసింది.