ముందు చక్రం బిగించే ముందు ఇది చదువు

కడప

అల్లుడా,

నిన్న మాపున మీ అమ్మ ఫోన్ చేసింది. “అన్నా, వాడు పైకప్పు లేని కారొకటి కొన్నాడంట. రెండే సీట్లంట. బెంగళూరు నుంచి లారీలో ఏసుకొచ్చి, ఇంటెనక రేకుల షెడ్డు కింద పెట్టి ఒక్కొక్క ముక్కా ఇప్పుతాండాడు” అనింది. నువ్వు కారు కొన్నందుకు కాదు, నాకొక మాట చెప్పకుండా విప్పడం మొదలుపెట్టినందుకు కోపమొచ్చింది. ఆ కోపం పది నిమిషాలుండింది. తర్వాత నువ్వు పంపిన ఫోటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూస్తా కూర్చున్నాను. విప్పిన నట్లు, బోల్టులు వేరువేరు డబ్బాల్లో వేసి, ఏ డబ్బా ఏ భాగానిదో తెలుగులో రాసి అంటించినావు చూడు, అది మీ అత్తను పిలిచి మరీ చూపించినాను. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో కొత్త బండ్ల మధ్య తిరిగే పిల్లోడు, వీడి చేతికి పాత బండి మసి అంటుతుందా అనుకునేవాణ్ని. అంటింది.

మూడో ఫోటో దగ్గర ఆగిపోయినాను. ఎడమ పక్క ముందు చక్రం తీసి ఉంది. కింద, నిలువు కడ్డీ కొస దూరే ఇత్తడి ముక్కకు గ్రీజు గన్ను మూతి తగిలించే నిప్పిల్ ఒకటి, దాని చుట్టూ నల్లగా గట్టిపడిన గ్రీజు. అది చూసి గుండె గుభేలుమంది. ఈ ఉత్తరం దానికోసమే. ఫోన్లో చెబితే “సరే మామా” అంటావు, అవతల మర్చిపోతావు. కాగితమైతే షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించుకుంటావు. నేను వచ్చి చూసేదాకా ఆ చక్రాలు రెండూ బిగించొద్దు.

నీది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, మార్క్ త్రీ. ఆ బండిని నేను ఎప్పుడూ విప్పలేదు, ఉన్న మాట చెబుతున్నా. కానీ దాని అక్కను బాగా ఎరుగుదును. ఇటలీ దేశపు మిచెలొట్టి గీసిన హెరాల్డ్ కారును 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారు చేసింది. ఇంగ్లండులో ఆ హెరాల్డ్ ఛాసిస్‌నే, అంటే కింది ఇనుప చట్రాన్నే, కురచ చేసి, మిచెలొట్టితోనే కొత్త ఒళ్లు గీయించి, 1962లో స్పిట్‌ఫైర్ అని తెచ్చినారు. బానెట్టు మొత్తం ముందుకు వాలడం, వెనక అడ్డంగా ఒకే కమాన్ కట్ట, ముందు చక్రాల దగ్గర ఆ ఇత్తడి ముక్కలు, అన్నీ ఆ ఇంటి పోలికలే. రాయచోటి రోడ్డులో మన షెడ్డుకు వచ్చిన హెరాల్డులు ఎన్నో లెక్కలేదు. నా సొంతానికీ ఒకటి ఉండింది. దాని సంగతి తర్వాత చెబుతా.

ముందు ప్రాణం సంగతి. ఒక్క జాకీ మీద నిలబడిన బండి కిందికి తల పెట్టొద్దు. నాలుగు స్టాండ్లు కొను, దానిమీద బేరమాడొద్దు. ఫోటోలో గోడ వారన కడప బండలు పేర్చి ఉండాయి. అవి బండి కింద పెట్టాలని మనసులో ఉంటే తీసెయ్. నేల మీద పరిచినంతవరకే బండ గట్టిది. కింద బోలుగా ఉండి బరువు పడితే చెప్పకుండా పగులుతుంది. ఇటుకలూ అంతే. కింద దూరేటప్పుడు ఇంట్లో ఎవరికైనా చెప్పి దూరు. ఫోను చొక్కా జేబులో కాదు, చేతికి అందేలా పక్కన పెట్టుకో.

పెట్రోలు ట్యాంకు సీట్ల వెనకే ఉంటుంది. దాన్ని దించి బయట పెట్టిన తర్వాతే వెల్డింగు మాట ఎత్తు. ఖాళీ ట్యాంకు కదా ఏం కాదులే అనుకోవద్దు, ఖాళీదాంట్లో నిండా ఆవిరే ఉంటుంది, నిండుదానికంటే అదే చెడ్డది. పాత బ్రేకు లైనింగులు, క్లచ్చు ప్లేటు ఆస్‌బెస్టాస్‌వి అయి ఉండొచ్చు. ఆ దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టొద్దు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారెయ్. మా కాలంలో నోటితో ఊదేవాళ్లం. ఇప్పుడు రాత్రిపూట నా దగ్గు మీ అత్త వింటాంది. ముందు స్ప్రింగులు, వాటిని నొక్కిపట్టే సరైన కంప్రెసరు లేకుండా విప్పొద్దు. బ్యాటరీ పెట్టే ముందు బాడీకి ఏ తీగ పోయిందో చూసుకో, పాత హెరాల్డుల్లో పాజిటివ్ బాడీకి ఉండేది.

కాగితాలు నీకు నాకంటే బాగా తెలుసు. 2021లో వచ్చిన రూలు ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ నంబరు ఇస్తారు, ఫీజు 20,000, పదేళ్లకు. కానీ బండి అసలు రూపంలో ఉండాల. నీ స్నేహితులెవరో మారుతి ఇంజను పెట్టేద్దాం అంటున్నారని మీ అమ్మ చెప్పింది. వాళ్ల మాట వినొద్దు. ఆ 1296 సీసీ ఇంజను బాగా కట్టినది. దాంట్లో చూడాల్సింది ఒకటుంది. ఇంకొకర్ని క్లచ్చు తొక్కమని చెప్పి, నువ్వు ముందు నిలబడి, ఇంజను ముందు బెల్టు తిరిగే క్రాంకు పుల్లీని చూడు. అది ముందుకూ వెనక్కూ కంటికి కనబడేంత కదిలితే లోపల క్రాంకును అట్లా కదలకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయినట్టు. ఆ ఇంజను స్టార్టు చెయ్యొద్దు. వాషరు కింద నూనె నిలిచే చంబర్లోకి రాలిపడితే క్రాంకే కాదు, ఇంజను దిమ్మె కూడా పాడవుతుంది.

తుప్పు సంగతి కొంచెం నిదానంగా విను. మన అనంతపురం ఎండ ఇనుముకు మేలే చేస్తుంది, రబ్బరును మాత్రం వదలదు. అయితే నీ బండి ఇన్నేళ్లు యాడ నానిందో మనకు తెలియదు. తలుపుల కింద పొడుగునా ఉండే సిల్లులు స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. లోపలికి దిగితే అవి పోయినట్టే. హెరాల్డుకైతే ఛాసిస్‌కు పక్క పట్టాలుంటాయి, సిల్లు తీసినా బండి నిలుస్తుంది. స్పిట్‌ఫైర్‌కు ఆ పక్క పట్టాలు లేవు. సిల్లులే బండి నడుము. పైన కప్పు కూడా లేదు, ఇంక పట్టుకునేదేముంది? రెండు సిల్లులూ ఒకేసారి కోస్తే బండి నడుమ కిందికి కుంగుతుంది. కొత్తవి ఆ వంపు మీదనే అతికిస్తే తలుపులు జన్మలో సరిగ్గా పడవు. కాబట్టి ముందు తలుపు సందులో ఇనుప పైపులు అడ్డంగా వెల్డు చేసి బిగించు. ఒక పక్క పూర్తిగా అయినాకే రెండో పక్క. మధ్య మధ్యలో తలుపు పెట్టి, సందు సమంగా ఉందా అని చూసుకుంటా పో. టింకరింగు చేసే మనిషి తొందరపెడతాడు, రోజు కూలి కదా. నువ్వు తొందరపడొద్దు.

పెట్రోలు పైపులన్నీ మార్చు. ఇప్పుడు బంకులో పోసేదాంట్లో ఇరవై శాతం ఇథనాల్, పాత రబ్బరు దానికి ఆగదు. పంపు డయాఫ్రం కూడా అంతే. పాత వాల్వు సీట్లు అరగకుండా కాపాడిన సీసం పెట్రోలు మన దేశంలో 2000లోనే పోయింది, కాబట్టి హెడ్డు ఎట్లాగూ విప్పుతావు గనక ఎగ్జాస్టు వాల్వులకు గట్టి సీట్లు వేయించు. రేడియేటర్లో బోరు నీళ్లు పోశావంటే నీతో మాట్లాడను. మన నీళ్లలో సున్నం ఎంతో గిన్నెలు తోమేవాళ్లను అడుగు. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ నీళ్లు, కూలెంటు కలిపి పోయి. టైర్ల పక్కన నాలుగంకెలుంటాయి, వారం, సంవత్సరం. అరక్కపోయినా వయసు మీరితే పారెయ్యి.

రెండు కార్బొరేటర్లు జత కలపడం మాత్రం నాకోసం ఆపు. దానికి మీటర్లు వచ్చినాయంట, నాకొద్దు. మూరెడు రబ్బరు పైపు ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బొరేటరు నోటి దగ్గర. రెండూ ఒకే తీరు బుసకొట్టేదాకా స్క్రూ తిప్పాల. అది నాకు మా మేస్త్రీ నేర్పించినాడు. నా కొడుకులు నేర్చుకోలేదు. నీకు నేర్పిస్తా.

ఇంక ఆ ఇత్తడి ముక్క.

1983లో నేను హెరాల్డు కొన్నాను, నీలం రంగుది, రెండు తలుపులది. అప్పటికి ఆ ఇత్తడి ముక్కల గురించి నాకు తెలిసింది తక్కువ. నాది అంబాసిడర్లకు, లారీలకు అలవాటైన చెయ్యి. నిప్పిల్ కనబడితే గ్రీజు గన్ను పెట్టి కొట్టడమే. డ్యాష్‌బోర్డు అరలో ఇంగ్లీషు పుస్తకం ఉండేది. ఒకసారి మా తమ్ముడు చదివి, “దీంట్లో నూనె పొయ్యమన్నాడే, గేరాయిలు” అన్నాడు. నువ్వు చదువుకున్నోడివి, నేను చేసేవాణ్ని అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. మూడేళ్లు గ్రీజే కొట్టినాను.

ఆ ఇత్తడి ముక్కలో, నట్టు లోపల ఉన్నట్టే, మరలు ఉంటాయి. చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కొస ఆ మరల్లో కూర్చుని, స్టీరింగు తిప్పినప్పుడల్లా వాటిలోనే తిరుగుతుంది. నూనె అయితే మర మరకూ పాకుతుంది. గ్రీజు పాకదు, ఒకచోట నిలిచి మన ఎండకు మైనంలాగా గట్టిపడుతుంది. ఆపైన వాన నీళ్లు దిగితే లోపల ఉక్కు తుప్పు పడుతుంది. మరల దగ్గర గుంటలు పడి, అక్కడే సన్నగా చీలుతుంది. బయటికి ఏమీ కనబడదు. ఒక్కటే గుర్తు, స్టీరింగు బరువెక్కుతుంది, మలుపు తిరిగినాక తనంతట తాను వెనక్కి రాదు. నా బండి ఆ గుర్తు నాకు రెండు నెలలు చూపించింది. టైర్లలో గాలి తక్కువేమోలే అని గాలి కొట్టించుకుంటా తిరిగినాను.

1986 నవంబరు. మీ అమ్మకు పదిహేడేళ్లు. రాయచోటి వీరభద్రస్వామి గుడికి పోయి వస్తాన్నాం. వెనక మా అమ్మ, నా పక్కన ఎడమ సీట్లో మీ అమ్మ. గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొన్నాం. పొట్లం ఒళ్లో పెట్టుకుని ఘాటు దిగేటప్పుడు తింటా వస్తాంది. రెండు రోజుల ముసురు, రోడ్డంతా తడి. బాగా వంపు తిరిగే మలుపులో స్టీరింగు చివరి దాకా తిప్పినాను. పట్ మని ఒక చప్పుడు, కట్టె విరిగినట్టు. ఎడమ పక్క బండి కూలబడింది. చక్రం బండి కిందికి మడత పడింది. స్టీరింగు నా చేతిలో ఉత్తగా తిరుగుతాంది. బండి ఎడమకు లాగి, పిట్టగోడను రాసుకుంటా పోయి, దాని చివర ఆగింది. ఇంకొక ఐదడుగులు పోయుంటే గోడ లేదు.

నెమ్మదిగా పోతాన్నాం గనక బతికినాం. మీ అమ్మ తలుపు తెరవబోయింది. తెరిస్తే కింద లోయే. నేను చెయ్యి పట్టుకుని నా పక్కకు లాగినాను. చాలాసేపు వదల్లేదంట, మణికట్టు మీద నా వేళ్ల గుర్తులు మూడు రోజులు ఉన్నాయి. అరచేతిలో కోవా నలిగిపోయి ఉంది. అరవలేదు, ఏడవలేదు. ఇంటికొచ్చినాక మా నాయన అడిగితే, రోడ్డు మీద రాయి తగిలిందని చెప్పినాను. ఆమె నా మొహం చూసి ఊరికే ఉండింది. విరిగిన కడ్డీ అప్పటికే ఆమె చూసింది. విరిగిన చోట సగం దాకా పాత తుప్పు, సగమే కొత్త మెరుపు. చదువులేని వాడికైనా తెలుస్తుంది అది ఆ రోజు విరిగింది కాదని. ఆ మర్నాడు తమ్ముడి దగ్గర కూర్చుని ఆ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివించుకున్నాను.

నువ్వు చెయ్యాల్సింది ఇది. పాత గ్రీజంతా కిరసనాయిల్తో కడిగి తీసి, నిలువు కడ్డీలు రెండూ విప్పు. మరల దగ్గర రంగు మందు రాసి చీలిక చూసే పరీక్ష చేయించు, మీ ఫ్యాక్టరీ దోస్తులకు అది తెలుసు. గుంటలు కనబడితే పరీక్ష కూడా అక్కర్లేదు, కొత్తవి వెయ్యి. కుడిదీ ఎడమదీ మరలు వేరు, కలిపెయ్యొద్దు. కొత్త సీళ్లు వేసి, చక్రం గాల్లో ఉండగా గన్నుతో 90 నంబరు గేరాయిలు కొట్టు, పైన సీలు దగ్గర నూనె ఊరేదాకా. ఆ గన్ను మీద పెద్దక్షరాల్లో ‘నూనె’ అని రాయి. అందులో గ్రీజు ఎప్పుడూ నింపొద్దు. ప్రతి వెయ్యి కిలోమీటర్లకూ, ముసురు పట్టి వెలిసిన ప్రతిసారీ కొట్టు. పుస్తకం అంత తొందరగా అక్కర్లేదంటుంది, నా మాట విను.

వెనక చక్రాల గురించీ ఒక మాట. ఆ బండిలో మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు ఒక్కసారి వదిలితే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని, వెనక పక్క లేస్తుంది. మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, మలుపంతా ఒకే తీరున పో. పరుగు పందెం బండి అని పేరు ఉన్నంత మాత్రాన ఘాట్లలో దాన్ని పరీక్షించొద్దు.

మీ అమ్మ కార్లో ఎప్పుడూ వెనకే కూర్చుంటుంది కదా. మీ నాయన ఎన్నిసార్లు పిలిచినా ముందుకు రాదని నువ్వే నవ్వుతా చెప్పినావు ఒకసారి. ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. బండి తయారైతే మొదట అమ్మనే ఎక్కించుకుని పోతానని ఆమెతో అన్నావంట. ఆ కారుకు వెనక సీటు లేదు నాయనా.

ఈ ఆదివారం పొద్దున బస్సుకు వస్తా. నా పాత గన్ను తెస్తాన్నా, శుభ్రంగా కడిగి పెట్టినాను. గేరాయిలు మాత్రం నువ్వు తెచ్చిపెట్టు, లీటరు చాలు.

మీ మామ