తెలుగు పుస్తకాల బీరువా నింపుకోబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఇంట్లో తెలుగు పుస్తకాల బీరువా ఒకటి పెట్టుకుంటానని, ఎవరి పుస్తకాలు ముందు కొనాలో చెప్పమని అడిగావు. పేర్ల జాబితా ఎవరైనా ఇస్తారమ్మా. మన భాషలో అసలు చిక్కంతా ఏ ప్రతి కొనాలన్న దగ్గరే వస్తుంది. ఒకే పుస్తకం నాలుగైదు ప్రచురణల్లో దొరుకుతుంది. ఒకదాంట్లో పీఠిక ఎగిరిపోతుంది, ఇంకోదాంట్లో పేజీకి పది అచ్చుతప్పులుంటాయి, మరోదాంట్లో సగం పాఠమే ఉంటుంది. అందుకని పేర్లు చెబుతూనే ప్రతిని ఎలా చూసుకోవాలో కూడా రాస్తున్నాను.

గురజాడతో మొదలుపెట్టు. ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని దాదాపు తిరగరాసి రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ అందరూ చెప్పుకునేది ఆ రెండో కూర్పే. అందులో ఏడంకాలుంటాయి. నాటకం ఆడుకోవడానికి కుదించినవీ, పిల్లల కోసం కుదించినవీ అదే పేరుతో అమ్ముతారు కాబట్టి అంగట్లోనే చివరికి తిప్పి ఏడో అంకం ఉందో లేదో చూడు. తర్వాత గిరీశం మాట్లాడే పేజీ ఒకటి తీసి అతని ఇంగ్లీషు ముక్కలు చదువు. అక్కడ అక్షరాలు తారుమారైతే కూర్చినవాళ్లు అచ్చుచిత్తు (ప్రూఫు) దిద్దలేదని అర్థం, మిగతా పుస్తకం కూడా అలాగే ఉంటుంది. ఇంగ్లీషులో ఆయన రాసుకున్న పీఠికలు కూడా ఉన్న ప్రతి దొరికితే ఇంకేమీ ఆలోచించకుండా తీసుకో.

ఇలాంటి ప్రతులు ఎందుకు పుట్టుకొస్తాయో తెలుసుకుంటే నీకే ఒక అంచనా వస్తుంది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కులు వారసులకుంటాయి. ఆపైన ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. గురజాడ (1915), కందుకూరి (1919), ‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ (1958), శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1961) పోయి ఆ గడువు దాటింది. వీళ్ల పుస్తకాలకే ఎక్కువ ప్రచురణలుంటాయి, జాగ్రత్త కూడా వీటి దగ్గరే ఎక్కువ కావాలి. విశ్వనాథ (1976), చలం (1979), కుటుంబరావు (1980), శ్రీశ్రీ (1983) పుస్తకాలకు హక్కులింకా ఉన్నాయి. వీటిలో ఎవరు వేశారో, ఎవరి అనుమతితో వేశారో లోపలి పేజీలో లేని ప్రతిని పక్కన పెట్టు.

ఆ లోపలి పేజీని చదవడం అలవాటు చేసుకో. ‘మొదటి ముద్రణ 2010’ అని ఉంటే ఆ ప్రచురణకర్త వేసిన మొదటి ముద్రణ అని మాత్రమే. పుస్తకం అంతకు ఎనభై ఏళ్ల ముందే వచ్చి ఉండొచ్చు. మంచి ప్రచురణకర్త మూలగ్రంథం తొలిసారి ఎప్పుడు వచ్చిందో, తాను ఏ ముద్రణను ఆధారం చేసుకున్నాడో రాస్తాడు. ఆ రెండు వాక్యాలూ ఉన్న పుస్తకాన్ని సగం నమ్మవచ్చు.

శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వచ్చింది. గీతాలు చాలావరకు 1930లలో రాసినవే. మొదట్లో చలం రాసిన ‘యోగ్యతాపత్రం’, కొంపెల్ల జనార్దనరావుకు శ్రీశ్రీ ఇచ్చిన అంకితగీతం రెండూ ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ ప్రతి వద్దు. 1981లో లండన్ నుంచి ఆయన చేతిరాతతోనే ఒక ప్రతి వచ్చింది. పాత పుస్తకాల్లో అది కనబడితే వదలకు. జాషువా ‘గబ్బిలం’ రెండు భాగాలు. మొదటి భాగం ఒక్కటే వేసి అదే మొత్తం అన్నట్టు అమ్మేవాళ్లున్నారు, చూసుకో.

విశ్వనాథ దగ్గర చాలామంది ‘వేయిపడగలు’తో మొదలుపెట్టి నూరు పేజీల్లో ఆగిపోతారు. ముందు ‘ఏకవీర’ కొను. చిన్నది, వాక్యం అలవాటవుతుంది. ‘వేయిపడగలు’ కొన్నప్పుడు దాని పక్కనే అడివి బాపిరాజు ‘నారాయణరావు’ కూడా పెట్టుకో. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో బహుమతి ఈ రెంటికీ కలిపి ఇచ్చారు. ఒకే కాలాన్ని ఇద్దరు ఎంత వేరుగా చూశారో రెండూ చదివితేనే తెలుస్తుంది. ఆ తర్వాత ‘మాలపల్లి’ చదివితే వాళ్లిద్దరూ చూడని ఊరు కనిపిస్తుంది.

నవలల్లో నేను తప్పనిసరి అనేవి ఇంకొన్ని ఉన్నాయి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, రావిశాస్త్రి ‘అల్పజీవి’, కుటుంబరావు ‘చదువు’, వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ఓల్గా ‘స్వేచ్ఛ’. అన్నీ ఒకేసారి కొనకు. మొదటి మూడూ మనిషి లోపలి గొడవను పట్టుకున్నవి, వరసగా చదువుకోవచ్చు. ఆళ్వారుస్వామినీ రంగాచార్యనూ చదివే ముందు సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ బీరువాలో ఉండాలి. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. నవల చదువుతూ మధ్యలో తీసి చూసుకోవడానికి అంతకు మించినది లేదు.

కథల పుస్తకాల దగ్గర ఒక ఇబ్బంది ఉంది. ఒకే కథ మూడు సంపుటాల్లో ఉంటుంది. పేరు మారిన సంపుటం కొత్తదనుకుని కొంటే సగం కథలు ఇంట్లో ఉన్నవే అవుతాయి. అందుకని కొనే ముందు విషయసూచికను నీ దగ్గరున్న దాంతో పోల్చు. కాళీపట్నం రామారావు గారికి ‘యజ్ఞంతో తొమ్మిది’ ఒకటి ఉంటే ఆరంభానికి చాలు. శ్రీపాద కథలు కొంటే ఆయన ‘అనుభవాలూ-జ్ఞాపకాలూనూ’ కూడా కొను. అది మూడు భాగాలు, అన్నీ కలిపి వేసిన ప్రతే తీసుకో. గోదావరి మాట తీరు అంత నిండుగా అచ్చులో మరెక్కడా దొరకదు. కొత్తవాళ్ల కోసం ఒక్కొక్కరి సంపుటం వెతుక్కునే బదులు 1990 నుంచి ఏటా వస్తున్న ‘కథ’ సంకలనాలు చూడు. ఎవరు నీకు నచ్చుతారో అందులో తెలిసిపోతుంది, అప్పుడు వాళ్ల సొంత పుస్తకం కొనుక్కోవచ్చు. ఫలానా కథ మొదట ఎక్కడ అచ్చయిందో తెలియాలంటే శ్రీకాకుళంలో రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది.

ప్రాచీన కావ్యాలు టీకాతాత్పర్యాలు లేకుండా కొనకు. అలంకారంగా మిగిలిపోతాయి. భారతం కొంటే తిరుమల తిరుపతి దేవస్థానం వేసిన వ్యాఖ్యాన ప్రతి చూడు. మొత్తం కొనే ఓపిక లేకపోతే నన్నయ ఆదిపర్వం, తిక్కన విరాటపర్వం చాలు. పోతన భాగవతంలో అయిదో స్కంధం గంగన, ఆరోది సింగన, చివరి రెండూ నారయ రాసినవి. ఆ పేర్లు చెప్పకుండా అంతా పోతన పేరుమీదే అచ్చేసిన ప్రతి శ్రద్ధ లేనిదని గుర్తు. వేమనకు పద్యాల అకారాది సూచిక ఉన్న ప్రతే పనికొస్తుంది, లేకపోతే కావలసిన పద్యం ఏనాటికీ దొరకదు.

అనువాదాలకు అట్టమీదనో లోపలనో అనువాదకుడి పేరు లేకపోతే తీసుకోకు. గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేశారు. అలాంటి పేరు కనబడితే భాష మీద భరోసా ఉంటుంది. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెచ్చిన తెలుగు పుస్తకాలు పాత అంగళ్లలో ఇంకా దొరుకుతాయి.

ఇక చేతిలో ప్రతిని పరీక్షించడం. తెలుగు పుస్తకం చాలావరకు పదహారు పేజీల ఫారాలుగా, అంటే ఒక పెద్ద కాగితాన్ని మడిచిన కట్టలుగా, అచ్చవుతుంది. బైండింగులో ఒక ఫారం జారిపోవడం, ఒకే ఫారం రెండుసార్లు పడటం, ఫారం తలకిందులు కావడం తరచూ జరిగేవే. కాబట్టి అంగట్లోనే 16, 32, 48, 64 పేజీల దగ్గర ఆగి తర్వాతి అంకె చూడు. పాత పుస్తకాల్లో ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె కూడా ఉంటుంది, దాన్ని వరసగా చూసుకుంటూ పోవచ్చు. తర్వాత పుస్తకాన్ని నడిమికి విప్పి మడతలోకి చూడు. దారం కనిపిస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఉత్త జిగురే అయితే ఎండిన నాడు కట్టలు కట్టలుగా ఊడుతుంది. పక్కన పిన్నులు కొట్టినదైతే పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, బలవంతం చేస్తే వీపు విరుగుతుంది, పిన్ను తుప్పు కాగితాన్ని తినేస్తుంది. పాత ప్రతిలో ఒక పేజీ మూలను మెల్లగా వంచు. విరిగితే ఆ కాగితంలో ఆమ్లం పని పూర్తయినట్టే. అరుదైన పుస్తకమైతే తప్ప తీసుకోకు.

సంపుటాలుగా వచ్చే సమగ్ర రచనల విషయంలో తొందరపడకు. అన్ని సంపుటాలూ ఒకేసారి దొరికితేనే కొను. ఒక్కో సంపుటం ఒక్కోసారి అయిపోతుంది, మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలియదు. మూడోది లేని వరస ఏళ్లపాటు అలాగే ఉండిపోతుంది.

పాత పుస్తకం ఇంటికి రాగానే బీరువాలో పెట్టకు. పేజీల మధ్య దుమ్ము దులిపి, రెండు వారాలు విడిగా సంచిలో ఉంచు. పురుగు ఉంటే ఆలోగా పొడి రాలుతుంది. బీరువా గోడకు ఆనకూడదు, నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. చెదలు గోడలోంచే వస్తాయి. చిరిగిన పేజీకి సెల్లోటేపు మాత్రం వెయ్యకు, అది పసుపుపచ్చగా మారి అక్షరాన్ని కూడా లాక్కుపోతుంది. పల్చటి కాగితం ముక్క, గోధుమపిండి జిగురు చాలు.

సర్దేటప్పుడు ఇంటిపేర్ల జోలికి పోకు. గుడిపాటి కింద చలాన్నీ, శ్రీరంగం కింద శ్రీశ్రీనీ, శివరాజు కింద బుచ్చిబాబునూ వెతికేవాళ్లు లేరు. జనం పిలిచే పేరుతోనే పెట్టు. దాశరథి సోదరుల దగ్గర మాత్రం జాగ్రత్త. ‘అగ్నిధార’ కృష్ణమాచార్యది, నవలలు రంగాచార్యవి, ఇద్దరినీ ఒకే గడిలో కలిపేస్తే వచ్చినవాళ్లు తికమకపడతారు. ఒక నోటుపుస్తకంలో రచయిత, పుస్తకం, ప్రచురణకర్త, ముద్రణ సంఖ్య, ఏడాది రాసుకో. అరువిచ్చినప్పుడు తీసుకున్నవాళ్ల చేతే అదే వరసలో పేరూ తేదీ రాయించు.

ఇట్లు,
నీ మేనమామ