డీజిల్ ఒలికిన చోట బావుల సంగతి

చి.సౌ. మేనకోడలికి,

తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. కాగితం మీద ఉంటే పంచాయతీ ఆఫీసులో నలుగురికీ చూపించొచ్చని ఇది రాస్తున్నాను.

వ్యాగన్ కారి రైలు కట్ట కింద డీజిల్ మడుగు కట్టిందని, సాయంత్రానికల్లా లైను క్లియర్ చేసి బండ్లు వదిలేశారని చెప్పావు. వాళ్ల పని అది, తప్పు పట్టను. కానీ ఊళ్లోవాళ్లు కూడా ‘అయిపోయిందిలే’ అంటున్నారన్నావే, నాకు టెన్షన్ అక్కడే. భూగర్భజలాల శాఖలో ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, బావులకు సంబంధించినంత వరకు పని ఇంకా మొదలే కాలేదు.

ముందు మోటార్లు ఆపించు. కట్టకు పల్లంలో ఉన్న ఇళ్ల బోర్లు, పొలాల బోర్లు కూడా. బోరు తోడేకొద్దీ చుట్టుపక్కల నీళ్లు అటే లాక్కుపోతాయి, వాటితో పాటు డీజిలూ పోతుంది. బావి మొత్తం తోడేస్తే శుభ్రమవుతుందని పెద్దవాళ్లే అంటారు, వినొద్దు. తేలిన నూనె తీస్తామని కుర్రాళ్లెవరైనా బావిలోకి దిగబోతే తాడు లాక్కో. లోపల ఆవిరి నిండి, గాలి ఆడక ప్రాణాలే పోతాయి.

మరో సంగతి. ఊరికే వచ్చింది కదా అని క్యాన్లు పట్టుకుని డీజిల్ ఎత్తుకోవడానికి పోయేవాళ్లుంటారు. 2025 జులైలో తిరువళ్లూరు దగ్గర డీజిల్ గూడ్సు తగలబడితే ఆ పొగ ఎంత దూరం కనిపించిందో టీవీలో చూశావు కదా. ఆ క్యాన్లు వంటింటి పక్కన పెట్టుకుంటారు, అదీ నా భయం.

పంచాయతీ వాళ్లు బ్లీచింగ్ పౌడర్ తెస్తారు. నీళ్లకు ఏ రోగమొచ్చినా మనవాళ్లకు తెలిసిన మందు అదొక్కటే. అది క్రిములకు పనిచేస్తుంది, డీజిల్‌కు కాదు. పటికా అంతే. నీళ్లు కాస్తే ఆవిరి వంటింట్లో నిండుతుంది, ఇంకా చేటు. ఇంట్లో ఆర్వో ఉందన్న ధీమా వద్దు, నూనె తగిలితే అందులోని పొరే పాడవుతుంది. టీడీఎస్ మీటరు చూసేది నీళ్లలో కరిగిన లవణాలను. డీజిల్ కలిసినా అది మామూలు అంకే చూపిస్తుంది. పరీక్షలో సంగతి తేలేదాకా తాగడానికీ వంటకీ ట్యాంకర్ నీళ్లే వాడాలి. పశువులకు కూడా అవే పెట్టించు.

వంకలోకి దిగిన డీజిల్ చెరువు చేరకముందే అడ్డుకోవాలి. వంకకు అడ్డంగా ఇసుక బస్తాలు పేర్పించి, మధ్యలో లావుపాటి పీవీసీ పైపు పెట్టించు. ఎగువ మూతి నీళ్ల అడుగున ఉండాలి, దిగువ మూతి కాస్త ఎత్తులో ఉండాలి. డీజిల్ నీళ్ల కన్నా తేలిక కాబట్టి పైనే తేలుతుంది. అడుగు నీళ్లు పైపులోంచి పోతాయి, నూనె బస్తాల దగ్గరే ఆగుతుంది. దాని మీద ఊకో రంపపు పొట్టో చల్లి, పీల్చుకున్నాక పారతో ఎత్తించు. సబ్బు పొడి చల్లి కడగబోతారు, చల్లనివ్వకు. నురగ కింద నూనె నీళ్లలో కలిసిపోయి ఇక ఎత్తడానికి దొరకదు. తడిసిన మట్టిని టార్పాలిన్ మీద పోసి, పైన ఇంకోటి కప్పి, కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు చెప్పేదాకా కదపొద్దు. పక్క గుంతలో పూడ్చేస్తామంటే అసలే ఒప్పుకోకు.

ఇక అసలు చిక్కు. మన చిత్తూరు వైపు పైన మట్టి, గరుసు, దాని కింద నెర్రెలు బారిన రాయి. నీళ్లు ఆ నెర్రెల్లో నడుస్తాయి. కాబట్టి కట్ట పక్కనున్న బావి బాగానే ఉండి, రెండు వీధుల అవతల బోరు వాసన కొట్టొచ్చు. ఈరోజు బాగున్న బావి కార్తీకంలో చెడొచ్చు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కదా, ఊట పైకి లేస్తే మట్టిలో ఇరుక్కున్న డీజిలూ కదులుతుంది. ఒక వానాకాలం దాటేదాకా ఏ బావినీ నమ్మొద్దు.

బావి మీద రంగురంగుల తెట్టు కనిపిస్తే పుల్లతో కదిపి చూడు. ముక్కలుగా విరిగి, విరిగినవి విరిగినట్టే ఉంటే చాలావరకు అది ఇనుము తెట్టు. సుళ్లు తిరిగి మళ్లీ కలిసిపోతే నూనే అనుకో. ఇది మొదటి అనుమానానికి మాత్రమే. వాసన లేదని కూడా సర్దుకుపోవద్దు, రోజూ ఆ గాలి పీల్చేవాళ్ల ముక్కుకు అలవాటైపోతుంది.

తేల్చేది ల్యాబే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మినరల్ ఆయిల్, అంటే డీజిల్ లాంటి ఖనిజ నూనె, లీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అర్జీలో మినరల్ ఆయిల్, బెంజీన్ (ఇంధన నూనెల్లో ఉండే విషపదార్థం) అని పేరు పెట్టి అడుగు. ఊరికే ‘నీటి పరీక్ష’ అని రాస్తే ఫ్లోరైడు, ఉప్పు చూసి పంపేస్తారు.

గ్రామ సచివాలయానికి, స్టేషన్ మాస్టరుకు, కాలుష్య నియంత్రణ మండలికి, సోమవారం కలెక్టరేట్‌లో ఒకే అర్జీ ఇవ్వు. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా కదలకు. ఏ బావి ఎవరిది, ఎంత లోతు, కట్టకు ఎంత దూరం, వాసన ఎప్పుడు మొదలైంది, అన్నీ నోటుబుక్కులో రాయి. ట్యాంకర్ నీళ్ల బిల్లులు ఆ బుక్కులోనే పెట్టు. మన పక్కనే వేలూరు తోళ్ల ఫ్యాక్టరీల కేసులో, పాడుచేసినవాడే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. 2010 నాటి జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం ప్రకారం, పరిహారం కోసం పర్యావరణ కేసులు చూసే ఆ ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి ఐదేళ్ల గడువుంది, దాని దక్షిణాది బెంచ్ చెన్నైలోనే ఉంది. గొడవ పడమని కాదు. కాగితాలు ఉన్నవాళ్లతో అధికారులు మాట్లాడే తీరే వేరు.

ఆదివారం పొద్దున బస్సుకు మీ బావతో ముదురు రంగు గాజు సీసాలు, ఐసు పెట్టె పంపిస్తున్నాను. సీసాలు ల్యాబు వాళ్లిచ్చినవి, మళ్లీ కడగొద్దు. ప్లాస్టిక్ బాటిల్‌లో పట్టొద్దు. మూత కింద గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, ఏ బావిదో, తేదీ, టైము చీటీ మీద రాసి అతికించు. మీ బావను భోజనానికని ఆపకు, ఐసు కరిగేలోపు అవి ల్యాబుకు చేరాలి.

మీ మామయ్య