సందేహాలు – సమాధానాలు: పచ్చికుండ కుండేనా?

సందేహం: అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వార్తలో 'అసంపూర్ణంగా తయారుచేయబడిన తుపాకీ' అని చదివాను. పూర్తికానిది తుపాకి ఎలా అవుతుంది? ఆ ప్రయోగం సాధువేనా? – ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: 'సగం చేసిన తుపాకి' అంటే సరిపోయేదానికి ఆ 'చేయబడిన' ఎందుకో! మన విలేకరులకు 'బడు' లేనిదే వాక్యం నిలబడదు కాబోలు. తుపాకి తుర్కీ నుంచి వచ్చిన మాట. 'తుపాకీ' అని చివర దీర్ఘం జనం నోట్లో పాతుకుపోయింది, దాని జోలికి పోను.

మీ సందేహం రెండు వేల ఏళ్ళు దాటినది. పతంజలి రాసిన వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో ఒకాయన సాలెవాడికి నూలిచ్చి 'అస్య సూత్రస్య శాటకం వయ', ఈ నూలుతో శాటకం, అంటే బట్ట, నేయమంటాడు. సాలెవాడు ఆలోచనలో పడతాడు: శాటకమే అయితే నేయడమెందుకు? నేయవలసి ఉంటే అది శాటకమెలా అవుతుంది? చివరికి, ఏది నేస్తే శాటకమనిపించుకుంటుందో దాన్ని నేయమంటున్నాడని తేల్చుకుంటాడు. ఇదే భావిసంజ్ఞ, రాబోయే పేరును ముందే పెట్టడం. (హిందీవాళ్ళ సాడీ ఈ శాటక కుటుంబానిదే.) మంగళగిరిలో ఒక మగ్గం మీద జానెడు నేత కూడా లేదు. ఏం నేస్తున్నావయ్యా అంటే 'చీరండీ' అన్నాడు నేతగాడు. పడుగూ పేకా అని విడదీసి చెప్పలేదు. మనం అన్నం వండుతాం, బావి తవ్వుతాం. బియ్యం వండాలని పట్టుబట్టేవారికి ఓ నమస్కారం.

అమెరికా తగవూ ఇదే. 1968 నాటి చట్టం తేలిగ్గా తుపాకిగా మార్చగల ఆయుధాన్నీ, తుపాకి ఫ్రేమునూ (మిగతా భాగాలు బిగించే చట్రం) కూడా తుపాకుల లెక్కలో వేసింది. ఇంట్లో బిగించుకునే కిట్లకూ, పూర్తికాని ఫ్రేములకూ అది వర్తిస్తుందని 2022లో ఆయుధాల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ ఏటీఎఫ్ నిబంధన తెచ్చింది. అంటే అమ్మేవాడు వాటికి నంబరు వేయాలి, కొనేవాడి పూర్వాపరాలు చూడాలి. టెక్సస్‌లో దావా పడింది, కింది కోర్టులు నిబంధన చెల్లదన్నాయి. సుప్రీంకోర్టు విచారణలో జస్టిస్ అలిటో అడిగిన ప్రశ్న సాలెవాడిదే: గుడ్లు, తరిగిన మాంసం, మిర్చి, ఉల్లిపాయలు బల్ల మీద పెడితే ఆమ్లెట్టేనా? కాదు, వాటితో వేరేవీ వండుకోవచ్చు గదా అన్నారు ప్రభుత్వ న్యాయవాది.

2025 మార్చి 26న 7–2తో నిబంధన నిలబడింది. రచయిత తన చిత్తుప్రతిని నవల అనడం లేదా అన్నారు తీర్పు రాసిన జస్టిస్ గోర్సచ్. పతంజలి వింటే తలూపేవాడు. ఒక కిట్టునైతే, దాన్ని అంతకుముందు చూడనివాడు 21 నిమిషాల్లో తుపాకి చేశాడట. అయినా కిట్లన్నీ తుపాకులేనని కోర్టు అనలేదు. థామస్, అలిటో విభేదించారు.

తెలుగులో ఈ తేడాకు చక్కని మాటే ఉంది: పచ్చికుండ. ఆవంలో కాలలేదు, నీళ్ళు పోస్తే నిలవవు, అయినా కుండే. సారె మీది మట్టిముద్దను మాత్రం ఏ కుమ్మరీ కుండ అనడు. ముద్ద ఎక్కడ కుండ అయిందో చెప్పమంటే వ్యాకరణం చేతులెత్తేస్తుంది, కుమ్మరిని అడగాల్సిందే.

కనుక 'సగం చేసిన తుపాకి' తప్పనలేను. విడివిడి సామానుకైతే 'తుపాకి విడిభాగాలు' మేలు. ఇక నంబరు లేని ఈ రకాన్ని ఇంగ్లీషు 'ఘోస్ట్ గన్స్'కు అనువాదంగా 'దెయ్యపు తుపాకులు' అని రాస్తున్నవారున్నారు. వాటికి 'నంబరు లేని తుపాకులు' అంటే ఏం పోయింది?