సాల్మన్ హ్యాచరీ కొలువు కావాలంటే సీల్స్ లెక్క కూడా రావాలి

ప్రశ్న: మావాడు ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీలో బీఎఫ్‌ఎస్‌సీ ఆఖరి ఏడాది. అమెరికాలోని సియాటెల్‌లో ఉన్న మా బావమరిది, అక్కడ సాల్మన్ అనే చేపల హ్యాచరీలు చాలా ఉన్నాయి, ఎంఎస్ చేస్తే ఉద్యోగం ఖాయం అంటున్నాడు. అప్పు చేసి పంపమంటారా?
– ఒక తండ్రి, భీమవరం

అప్పు చేసి మాత్రం వద్దండీ. చదువు మంచిదే, కానీ పని మీరు ఊహిస్తున్నది కాదు.

మన దగ్గర హ్యాచరీ అంటే సీడ్ (చేపపిల్లలు) తీసి చెరువు రైతుకు అమ్మడం. అక్కడ సియాటెల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ తీరంలో చేపపిల్లల్ని పెంచి ఏట్లోకి వదిలేస్తారు. అవి సముద్రానికి పోయి, కొన్నేళ్లకు పెరిగి తిరిగొస్తాయి. హ్యాచరీ చేపని గుర్తుపట్టడానికి తోక దగ్గరి చిన్న కొవ్వు రెక్కను ముందే కత్తిరిస్తారు. సరదాగా గాలం వేసేవాళ్లు చాలాచోట్ల రెక్క లేనిదాన్నే ఉంచుకోవాలి, ఉన్నదాన్ని నీళ్లలో వదలాలి. ఎందుకంటే అక్కడ ఏట్లో సహజంగా పుట్టే చినూక్ రకం సాల్మన్ 1999 నుంచీ ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉంది. పట్టుకోదగ్గ చేపల్లో సగం వాటా ఆదివాసీ తెగలదని 1974లో కోర్టు తీర్పు కూడా ఉంది.

ఇక సీల్స్, అంటే చేపలు తిని బతికే సముద్ర జంతువులు. అమెరికా 1972 చట్టం వాటిని కాపాడుతోంది, వాటి సంఖ్యా బాగా పెరిగింది. ఈశాన్య పసిఫిక్‌లో సీల్స్, సీ లయన్లు, కిల్లర్ వేల్స్ కలిపి తినే చినూక్ చేపలు 1975లో 50 లక్షలైతే 2015కి 3.15 కోట్లయ్యాయని ఒక అంచనా. అందులో ఎక్కువ భాగం సీల్స్ మింగే పిల్ల చేపలే. గాలం వేసేవాళ్లకు కోపం రాదా మరి! గాలానికి చిక్కిన చేపనే లాక్కుపోయే సీల్స్ కూడా ఉన్నాయి. అలాగని కాల్చడానికి చట్టం ఒప్పుకోదు. ఇంకా ఎక్కువ పిల్లల్ని వదులుదామంటే సహజ చేపలకు తిండి పోటీ, వేటాడే జంతువులకేమో పిలిచి పెట్టిన విందు. అందుకే ఎప్పుడు, ఎక్కడ, ఏ సైజులో వదలాలన్నదే అసలు ప్రశ్న. సీల్స్ మలం ఏరి, అందులోని చేపల చెవి ఎముకలూ డీఎన్ఏ చూసి ఏ చేప ఎంత తిన్నాయో తేలుస్తారు. సీల్స్ ఉలిక్కిపడేలా శబ్దం చేసే యంత్రాలు పెట్టి, ఆ యంత్రాలు నిజంగా పనిచేస్తున్నాయో లేదో లెక్కగడతారు.

అంటే కావలసింది స్టాటిస్టిక్స్, కోడింగ్, చట్టం చదివే ఓపిక. దాణా వేసే చెయ్యి ఒక్కటే సరిపోదు. ఇంకో చిక్కు: ఈ హ్యాచరీలు ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వం, తెగలు, ఫెడరల్ ప్రభుత్వం నడిపేవి. ఫెడరల్ కొలువులు సాధారణంగా ఆ దేశ పౌరులకే. మిగతావాళ్లు వీసాకు స్పాన్సర్ చేస్తారో లేదో, మీ బావమరిదిని ఒకసారి ఫోన్ చేసి కనుక్కోమనండి.

నేనైతే ముందు ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈలో ఫిషరీస్ రిసోర్స్ మేనేజ్‌మెంట్‌లో ఎంఎఫ్‌ఎస్‌సీ చేయమంటాను. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ పరీక్షకు ఇప్పుడే కూర్చోమనండి, ఖాళీ దొరికినప్పుడల్లా ఆర్ (స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే కోడింగ్ భాష) నేర్చుకోమనండి. ఆ తర్వాత వాషింగ్టన్ యూనివర్సిటీలాంటి చోట ప్రొఫెసర్లకు రాసి, ఫీజు మాఫీతో రిసెర్చ్ అసిస్టెంట్‌షిప్ ఇస్తేనే విమానం ఎక్కించండి. రాకపోతే విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ కేంద్రం ఉంది. మన సముద్రంలో చేపల నిల్వలు అంచనా వేసేదీ ఇదే విద్యతో.