మల మార్పిడి తర్వాత మళ్లీ విరేచనాలు: ముందు ఏం చేయాలి

చెన్నైలో మీ మామగారికి మల మార్పిడి (ఆరోగ్యవంతుడైన దాత మలాన్ని రోగి పేగులోకి ఎక్కించే చికిత్స) జరిగిన పన్నెండో రోజున విరేచనాలు తిరగబెట్టాయని, ఏం చేయాలని అడిగారు. దీనికి, పంటి నొప్పికని మరో డాక్టరు రాసిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ కారణమై ఉండే అవకాశం ఎక్కువ. పేగులో అప్పుడప్పుడే కుదురుకుంటున్న మేలు చేసే సూక్ష్మజీవులను ఆ మందు దెబ్బతీస్తే, విరేచనాలు కలిగించే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా మళ్లీ తలెత్తుతుంది.

1. ఆ మందు సంగతి పేగుల డాక్టరుకు ఈ రోజే చెప్పండి. మీ అంతట మీరు ఆపవద్దు.

2. చాలామంది వదిలేసేది మలంలో టాక్సిన్ (బ్యాక్టీరియా విషం) ఉందో లేదో చూసే పరీక్షనే. పీసీఆర్ అనే జన్యు పరీక్ష బ్యాక్టీరియా జన్యువును చూపుతుందే తప్ప, అది ఇప్పుడు విషాన్ని తయారుచేస్తోందో లేదో చెప్పదు. కాబట్టి టాక్సిన్ పరీక్ష కూడా తప్పక అడగండి. మల నమూనా డబ్బా ఆకారం పట్టేంత పలుచగా ఉండాలి, గట్టి మలం పనికిరాదు.

3. జబ్బు రుజువైనా ధైర్యం కోల్పోవద్దు. 2013లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో 16 మందిలో 13 మందికి మొదటి మార్పిడితోనే, మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి వేరే దాత మలంతో చేసిన రెండో మార్పిడితో నయమైంది.

4. జ్వరం, కడుపు ఉబ్బరం, మలంలో రక్తం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.